అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్: గోదారి ఒడ్డున కూర్చుని నైలు నది చూస్తే (ఆడనివాళ్ళు జాగ్రత్త, కథ బయటపడుతుంది)

లంక_పడవ:

మాది ఏటిగట్టుకు లోపలి లంక ఊరు. ఈసారి ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక రాగానే అమ్మనీ నానమ్మనీ తీసుకుని రావులపాలెంలో అక్కావాళ్ళింటికి వచ్చేశాం. నాన్న మాత్రం గేదెలతో గట్టు మీదే టార్పాలిన్ వేసుకుని ఉన్నారు. పగలంతా నేనూ అక్కడే. రాత్రికి ఇక్కడికొస్తే నిద్ర పట్టదు. బావ కంప్యూటర్‌లో ఈ గేమ్ కనిపిస్తే మొదలుపెట్టాను. 2017 అక్టోబరు 27న వచ్చింది కాబట్టి మీలో చాలామంది ఎప్పుడో ఆడేసి ఉంటారు. నేను తొమ్మిది రాత్రుల్లో నలభై గంటలు ఆడాను, కథ అయిపోయింది. మనసులో ఉన్నది ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. కాలం క్రీస్తుపూర్వం 49 నుంచి మొదలవుతుంది. ఈజిప్టులో టోలమీ వంశం చివరి రోజులు. క్లియోపాత్రాకీ ఆమె తమ్ముడు 13వ టోలమీకీ సింహాసనం కోసం గొడవ. మనం ఆడేది బాయెక్ అనే మెడ్జాయ్‌గా. అంటే పూర్వం ఫరోల కాలం నుంచీ ఊళ్ళకు కాపలా కాసే మనిషి. ఊరు సివా, ఎడారి మధ్య ఒయాసిస్సు. కొడుకు ఖేముని చంపినవాళ్ళను వెతుక్కుంటూ బయల్దేరతాడు.

సివాలో ఉన్నంతసేపూ ఇది మామూలు పగ కథే అనుకున్నాను. ఎడారి దాటి నైలు పాయల్లోకి దిగాక నా చేతులు ఆగిపోయాయి. నది పాయలుగా చీలడం, మధ్యలో దిబ్బలు, పడవలో వల విసిరేవాళ్ళు, రేవులో బట్టలుతికేవాళ్ళు, గట్టు మీద మట్టిగోడల ఇళ్ళు. పోరాటాలన్నీ పక్కన పెట్టి ఒక రాత్రంతా పడవలోనే తిరిగాను. నీటిఏనుగులు ఎదురైతే పక్కకు తప్పుకోవడం, రెల్లుగడ్డిలోంచి మొసలి జారడం చూడటం, మళ్ళీ సాగడం. అంతకు మించి ఏమీ చేయలేదు.

అయితే ఒక్కటి మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు. నలభై గంటల్లో ఆ నదికి ఒక్క అంగుళం నీరు పెరగలేదు. వర్షం రాదంటే ఈజిప్టు కదా అనుకోవచ్చు. ఇసుక తుపాను వస్తుంది, ఎండదెబ్బకు బాయెక్‌కి లేనివి కనిపిస్తాయి, అంత శ్రద్ధగా చేశారు. మరి వరద ఏది? నైలు అంటేనే వరద కదా? పగలు గట్టు మీద కర్ర పాతి నీరు ఎంత ఎక్కిందో చూసుకుని, రాత్రి వచ్చి ఆ నీలం నదిని చూస్తుంటే గుండెలో ఏదో లోటు అనిపించింది. ఇంకెవరికైనా ఇలా అనిపించిందా?

పాలకొల్లు_పిక్సెల్:

ముందు మీవాళ్ళంతా క్షేమమే కదా అన్నా? నీరు తీస్తోందా?

గేమ్ గురించి నా మాట వేరు. నేను ఈ సిరీస్ మొదటి నుంచీ ఆడుతున్నాను. పాత ఆటల్లో శత్రువు కొట్టేదాకా ఆగి, సరైన క్షణంలో ఒక బటన్ నొక్కితే అతను పడిపోయేవాడు. ఆరిజిన్స్‌లో ఆ పద్ధతి మొత్తం మార్చేశారు. కత్తి ఎంత దూరం వెళ్తుందో, ఎవరికి తగులుతుందో అదే లెక్క. బల్లెం పట్టుకుంటే దూరం నుంచి పొడవచ్చు, చిన్న కత్తి అయితే దగ్గరకు దూరాలి. డాలు అడ్డం పెట్టడం, దొర్లి తప్పుకోవడం చేతికి అలవాటయ్యాక చాలా బాగుంటుంది. విల్లు అయితే ఇంకా బాగుంది.

నా బాధ లెవెళ్ళ గురించి. చీకట్లో మాటు వేసి, పైనుంచి దూకి, హిడెన్ బ్లేడ్ మెడలో దింపితే, వాడి లెవెల్ నాకంటే బాగా ఎక్కువని చావడు! ఇది హంతకుల కథ. మెడలో కత్తి దిగినవాడు లేచి నిలబడితే నా ఓపిక పోయింది. అసలు కథ ముందుకు సాగాలంటే లెవెల్ పెంచుకోవాలి, దానికోసం పక్క పనులు చేయాలి. శిబిరానికి వెళ్ళు, ఒకరిని విడిపించు, తిరిగి రా. ఇరవై గంటల తర్వాత అవన్నీ ఒకేలా అనిపించాయి.

వరద సంగతి మాత్రం నాకు తట్టనే లేదు, నిజంగా.

అమలాపురం_మాస్టారు:

లంక_పడవ బాబూ, నువ్వు అడిగిన ప్రశ్న చాలా గట్టిది. నేను బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను, ఈ గేమ్ మా అబ్బాయితో కలిసి ఆడాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నైలు వరద మన గోదారి వరద ఒకే కాలపువి. ఇథియోపియా కొండల మీద పడే ఋతుపవన వర్షం నైలులోకి వస్తుంది. జూన్‌లో మొదలై ఆగస్టు, సెప్టెంబరు నాటికి ఉధృతి. మనం ఆరుద్ర, పునర్వసు అని కార్తెలు లెక్కపెట్టుకున్నట్టే, వాళ్ళు సిరియస్ నక్షత్రం, అంటే మన మృగవ్యాధుడు, తెల్లవారుజామున మళ్ళీ కనిపించగానే వరద వస్తోందని లెక్క కట్టేవారు. వాళ్ళ ఏడాదికి మూడే కాలాలు. వరద కాలం, నాట్ల కాలం, కోతల కాలం. మొదటి కాలం పేరే వరద.

మనకు ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఎలా ఉన్నాయో, వాళ్ళకూ నైలోమీటర్లు ఉండేవి. రాతిమెట్ల మీద గీతలు గీసి మూరల్లో కొలిచేవారు. మన మూర లాంటిదే, మోచేతి నుంచి వేలి కొస దాకా. రోమన్ రచయిత ప్లినీ ఒక లెక్క రాశాడు. నీరు 12 మూరలు లేస్తే దేశానికి ఆకలి, 13 అయినా ఆకలే, 14కి సంతోషం, 15కి నిశ్చింత, 16కి ఆనందం. మనకు అంకె పెరిగితే భయం, వాళ్ళకు అంకె తగ్గితే భయం. ఎందుకంటే వాళ్ళకు ఆ వరదే సాగునీరు, ఆ ఒండ్రే ఎరువు.

ఇప్పుడు అసలు విషయం. అన్నిటికంటే తక్కువ వరద ఎప్పుడు వచ్చిందో కూడా ప్లినీ రాశాడు. 5 మూరలు. అది రోమన్ సేనానులు సీజర్, పాంపే తలపడిన ఫార్సాలస్ యుద్ధం జరిగిన ఏడాది, క్రీస్తుపూర్వం 48. పాంపేని ఈజిప్టు ఒడ్డున చంపింది ఆ ఏడాదే. ఆ హత్యను ఆపాలని నదే శకునం చూపించిందేమో అన్నట్టు రాశాడు. పాంపే చావు ఈ గేమ్ కథలోనూ ఉంది. అంటే బాయెక్ తిరిగిన ఆ ఏడాదే నైలు రాలేదు! పొలాలు ఎండాలి, గాదెలు ఖాళీ అవ్వాలి, ఊళ్ళలో గింజల కోసం కొట్లాటలు రావాలి. క్లియోపాత్రా, సీజర్‌ల కథ కింద అంత పెద్ద కథ ఉంది. దాన్ని వదిలేశారన్నదే నా బాధ.

లంక_పడవ:

మాస్టారూ, ఇది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. 5 మూరలు. నీరు రాకపోవడం కూడా విపత్తే అని నాకు ఎప్పుడూ తోచలేదు. మా ఊళ్ళో 1986 ఆగస్టు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు, 35 లక్షల క్యూసెక్కులు దాటింది కదా. నానమ్మ ఇంటి దూలం మీద ఎక్కి కూర్చున్న కథ. రాని వరద గురించి మాత్రం మావైపు ఎవరూ చెప్పలేదు.

పిక్సెల్ తమ్ముడూ, అందరం క్షేమం. నీరు నిలకడగా ఉంది.

అమలాపురం_మాస్టారు:

రాని వరద కథ మనకూ ఉంది బాబూ. 1833 నాటి కరువు. అప్పటికి గోదారి ఒకసారి ముంచేది, ఒకసారి సముద్రంలోకి వెళ్ళిపోయేది, మధ్యలో మనిషికి చిక్కేది కాదు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గానీ ఈ కాలువలు, ఈ పచ్చదనం లేవు. మనం చూస్తున్న కోనసీమ నదితో పాటు మనుషులు తవ్విన కాలువలది కూడా.

గేమ్‌లో దానికి సాటి ఫైయూం. అక్కడ నదిలోంచి కాలువ తీసి పెద్ద చెరువు చుట్టూ భూమిని సాగులోకి తెచ్చారు. టోలమీ రాజులు ఆ నేలను గ్రీకు సైనికులకు పంచారు. ఫైయూంలోకి దిగగానే నాకు ఆయకట్టులోకి దిగినట్టే అనిపించింది. అక్కడి రైతుల గోడు గేమ్‌లో బాగానే చూపించారు.

కాకినాడ_కెరటం:

ఫైయూం అన్నారు కాబట్టి నేను దాచుకున్నది చెప్పేస్తాను. ఆడనివాళ్ళు దయచేసి ఈ పోస్టు దాటేయండి.

షాద్యా. ఆ చిన్నపిల్ల. బాయెక్ ఆ ఇంట్లో ఉంటాడు, ఆ పిల్ల నవ్వుతూ చుట్టూ తిరుగుతుంది, తన కొడుకు గుర్తొచ్చి అతని గొంతు మారుతుంది. తర్వాత ఆ పిల్ల కోసం నీళ్ళలోకి దూకమని గేమ్ చెబుతుంది. నేను దూకాను. అడుగున ఆ పిల్ల ఉంది.

నేను ఆట ఆపేశాను. రెండు వారాలు ముట్టుకోలేదు. మా అమ్మది తాళ్ళరేవు వైపు ఊరు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి వేటకెళ్ళిన పడవలు ఎన్నో తిరిగి రాలేదు. అమ్మకు ఇప్పటికీ నవంబరులో ఈదురుగాలి వస్తే తలుపు దగ్గరే కూర్చునే అలవాటు. నీళ్ళలో వెతకడం అంటే ఏమిటో మా ఇంట్లో తెలుసు. అందుకే ఆ దృశ్యం నాకు గేమ్‌లా అనిపించలేదు.

తర్వాత ఆలోచిస్తే, చేసినవాళ్ళు దాన్ని చవకగా వాడుకోలేదని అర్థమైంది. ఆ తల్లి ఏడుపు దగ్గర సంగీతం తగ్గించారు. బాయెక్ ఆ పగ తీర్చుకున్నాక కూడా మొహంలో తృప్తి ఉండదు. బాయెక్‌కి గొంతు ఇచ్చిన అబూబకర్ సలీం ఆ మాటలన్నీ లోపల్నుంచి పలికాడు. లెవెళ్ళ గురించి మీరన్నది నిజమే పిక్సెల్, అయినా ఈ మనిషి కోసం నేను అన్నీ ఓర్చుకున్నాను.

పాలకొల్లు_పిక్సెల్:

అక్కా, షాద్యా విషయంలో మీ మాటే నా మాట. ఆ తర్వాత ఆ మొసలి ముసుగు మనిషిని వెతికేటప్పుడు నేను కూడా మామూలుగా ఆడలేదు, చేతులు వణికాయి.

బాయెక్ చిన్నపిల్లలతో మాట్లాడే ప్రతి చోటా బాగుంటుంది. రాతి వలయాల దగ్గర కొడుకుతో నక్షత్రాలు చూసిన జ్ఞాపకాలు కూడా. అవి పన్నెండూ పూర్తి చేశాను, అవార్డు కోసం కాదు.

యానాం_రేవు:

మా తాతయ్య సంగతి చెప్పాలి. ఆయన పుట్టింది పెద్దాపురం దగ్గర మెట్టలో, పని కోసం ఇటు వచ్చి స్థిరపడ్డారు. ఒక ఆదివారం నేను ఆడుతుంటే వెనక మంచం మీద కూర్చుని చూస్తున్నారు. బాయెక్ గుర్రం మీద కాలువ పక్కన పోతున్నాడు. తాతయ్య ఒక్కసారిగా “ఆపరా, ఆపు! అది ఏతం కాదూ?” అన్నారు.

వెనక్కి తిప్పి చూస్తే నిజమే. నిలువు రాటల మీద అడ్డంగా పొడవాటి కర్ర, ఒక కొసకు బాన, రెండో కొసకు పెద్ద మట్టిముద్ద. తాతయ్య కళ్ళజోడు సవరించుకుని తెర దాకా వచ్చేశారు. “మనిషి పైకెక్కడేం? మాకు ఒకరు దూలం మీద ముందుకీ వెనక్కీ నడిచేవారు, ఒకరు కింద బాన వంచేవారు. వీళ్ళు మట్టిముద్ద బరువుతో లేపేస్తున్నారే” అని ఆశ్చర్యపోయారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దూలం మీద నడుస్తుంటే ఈయన బాన వంచేవారట. ఏతం తొక్కేటప్పుడు లెక్క తప్పకుండా పాడుకునే పాట ఒకటి సగం పాడారు. సగమే గుర్తుంది. ఆ పాట ఆయన నోట నేను ముందెప్పుడూ వినలేదు.

ఆ రోజు నుంచి నేను ఆడాలంటే తాతయ్య పక్కన ఉండాల్సిందే. పోరాటం వస్తే అటు తిరిగి కూర్చుంటారు. పొలాలు వస్తే నెమ్మదిగా పొమ్మంటారు. వరి ఏదిరా అని అడిగారు, అప్పటికి అక్కడ పండేది గోధుమ, బార్లీ అని చెప్పాను. గేదెలు ఏవీ అన్నారు. చదివి చూస్తే అవి ఈజిప్టుకు వందల ఏళ్ళ తర్వాత గానీ రాలేదు. ఆయన అడిగినవాటికి జవాబులు వెతుకుతూ నేనే చాలా నేర్చుకున్నాను.

లంక_పడవ:

యానాం_రేవు గారూ, తాతయ్యగారి పాట దయచేసి ఫోన్‌లో రికార్డు చేయండి. సగమైనా సరే. రేపటికి వాయిదా వేయకండి.

యానాం_రేవు:

చేశానండి. మూడు నిమిషాలు వచ్చింది. మధ్యలో దగ్గు ఉంది, అదీ ఉంచాను.

భీమవరం_గట్టు:

నేను వేరే మాట చెబుతాను, కోప్పడొద్దు. వరద లేదని ఈ గేమ్‌ను తప్పు పట్టడం న్యాయం కాదనిపిస్తుంది. అంత పెద్ద మ్యాప్‌లో నీటిమట్టం మారితే ఎన్ని ఊళ్ళు, ఎన్ని దారులు, ఎన్ని పనులు రెండుసార్లు కట్టాలి? వరదలో మునిగిన ఊళ్ళో ఒక పని ఉంటే ఆటగాడు అక్కడికి ఎలా వెళ్తాడు? నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను, చిన్న మార్పు ఎన్నిచోట్ల ఇరుక్కుంటుందో రోజూ చూస్తాను. వాళ్ళు చేయగలిగినదాన్ని చాలా గొప్పగా చేశారు. లెటోపొలిస్ అనే ఊరు ఇసుకలో కూరుకుపోతూ ఉంటుంది, జనం తవ్వుకుంటూ ఉంటారు. ప్రకృతి మీద మనిషి పోరాటం అక్కడ ఉంది కదా.

ఇంకోటి. పిరమిడ్ లోపల మనకు తెలియని గదులు ఉండవచ్చన్న ఊహతో గేమ్‌లో కొన్ని పెట్టారు. గేమ్ వచ్చిన వారానికే, 2017 నవంబరు 2న, గిజా పెద్ద పిరమిడ్‌లో కనీసం 30 మీటర్ల పొడవున్న ఖాళీ ఉందని స్కాన్‌పిరమిడ్స్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత శ్రమపడినవాళ్ళను వరద కోసం నిలదీయడం ఎందుకు?

లంక_పడవ:

నిలదీయడం లేదు అన్నా. ఇష్టపడ్డాను కాబట్టే అడుగుతున్నాను. నాకు మొత్తం మ్యాప్ మునగక్కర్లేదు. ఒక రేవులో మెట్ల మీద పాత తడి గీత ఉంటే చాలు. ఒక ముసలాయన “పోయినేడు ఇక్కడిదాకా వచ్చింది” అని గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తే చాలు. మా ఊళ్ళో ప్రతి ఇంటి గోడకీ ఆ గీత ఉంటుంది. సున్నం వేసినా మళ్ళీ కనిపిస్తుంది. నది పక్క మనుషులు నదిని ఎలా గుర్తుపెట్టుకుంటారో అది చూపించడానికి ఎక్కువ కోడ్ రాయక్కర్లేదు కదా?

భీమవరం_గట్టు:

ఆ మాటకు ఒప్పుకుంటున్నాను. గోడ మీద గీత నాకు తట్టలేదు. అది ఖర్చు లేని పనే.

అమలాపురం_మాస్టారు:

నీరు రంగు కూడా. వరద నైలు ఎర్రగా, చిక్కగా ఉండేది, మన ఎర్రనీరు లాగే. గేమ్‌లో ఏడాది పొడవునా నీలమే. అస్వాన్ పెద్ద ఆనకట్ట 1970లో పూర్తయ్యాక నిజం నైలుకూ కింద వరద రావడం ఆగిపోయింది, ఒండ్రు ఆనకట్ట వెనకే ఉండిపోతోంది. గేమ్ చేసినవాళ్ళు వెళ్ళి చూసినా కనిపించేది ఆ నిమ్మళమైన నదే. బహుశా వాళ్ళ తప్పు అంత లేదు.

పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. 2018 ఫిబ్రవరిలో ఇందులో డిస్కవరీ టూర్ అని ఉచితంగా కలిపారు. పోరాటాలు ఉండవు, 75 పర్యటనలు. రొట్టె ఎలా చేసేవారు, మమ్మీ ఎలా చేసేవారు, అలెగ్జాండ్రియా దీపస్తంభం ఎలా ఉండేది, అన్నీ నడుస్తూ వినవచ్చు. నేను ఆరో తరగతికి రెండు పీరియడ్లు చూపించాను. మొదటి పీరియడ్ అంతా పిల్లలు గుర్రం ఎక్కించండి సార్ అన్నారు. రెండో పీరియడ్‌లో ఒక అమ్మాయి, “మనకు తాటాకులు, వాళ్ళకు పపైరస్ గడ్డి, రెండూ నీటి పక్కవే కదా సార్” అంది. తాటిచెట్టు నీటి పక్కనే పెరగాలని లేదు అనుకోండి, అయినా మా ఊరి చెరువుగట్టు చూసి ఆ అమ్మాయి అన్నది సరైనదే. మర్నాడు తాటాకు తెచ్చి గంటంతో గీయించాను.

పాలకొల్లు_పిక్సెల్:

మాస్టారూ, ఆ కాలంలో ఇక్కడికీ అక్కడికీ రాకపోకలు ఉన్నాయా?

అమలాపురం_మాస్టారు:

ఉన్నాయి. క్లియోపాత్రా చనిపోయిన కొన్నేళ్ళకే ఈజిప్టు వెళ్ళిన గ్రీకు రచయిత స్ట్రాబో, ఎర్రసముద్రపు రేవు నుంచి ఏడాదికి 120 దాకా ఓడలు భారతదేశానికి పోతున్నాయని రాశాడు. తర్వాతి శతాబ్దంలో గ్రీకులో రాసిన ఓడ వ్యాపారుల పుస్తకం పెరిప్లస్‌లో మసాలియా అని మన తీరం పేరుంది, మచిలీపట్నం ప్రాంతం అంటారు. సన్నని నూలుబట్ట అక్కడ బాగా తయారవుతుందని రాశారు. బాయెక్ అలెగ్జాండ్రియా బజారులో నడిచేటప్పుడు బట్టల దుకాణం దగ్గర నేను ఎప్పుడూ కాసేపు ఆగుతాను.

కాకినాడ_కెరటం:

చివరి భాగం గురించి ఎవరూ మాట్లాడలేదు. బాయెక్, అతని భార్య అయా విడిపోవడం. కొడుకు పోయాక ఆ ఇద్దరి మధ్య మిగిలింది ఒకే పని, పగ. అది తీరాక కలిసి ఉండటానికి ఏమీ మిగల్లేదు. సముద్రపు ఒడ్డున వాళ్ళు అలా విడిపోవడం అన్యాయం అని అప్పుడు ఏడ్చాను. ఇప్పుడు ఆలోచిస్తే వేరే ముగింపు అబద్ధం అయ్యేది. అయా రోమ్ వెళ్ళి సీజర్‌ని పొడిచే ఘట్టం మాత్రం హడావిడిగా ముగించారు. ఆమెకు ఇంకా చాలా ఇవ్వాల్సింది. ఓడ యుద్ధాలు కాకుండా, ఆమె ఒంటరిగా ఉన్న ఒక్క రాత్రైనా చూపించాల్సింది.

లంక_పడవ:

అక్కా, అయా గురించి మీరన్నది అక్షరాలా నిజం. నేను కూడా ఆమెతో ఇంకా నడవాలనుకున్నాను.

అందరికీ ఒక కబురు. నిన్న సాయంత్రం నుంచి నీరు తీస్తోంది. నాన్న ఫోన్ చేసి గట్టు మీద పాతిన కర్ర మూరెడు బయటపడిందన్నారు. ఆ మాట వినగానే మాస్టారు గుర్తొచ్చారు.

ఈరోజు పొద్దున్న పడవలో ఊళ్ళోకి వెళ్ళి వచ్చాను. అరటి తోట పోయింది. ఇల్లు నిలబడింది. గదిలో పిక్కల దాకా ఒండ్రు. నల్లగా, మెత్తగా, వెన్నలా ఉంది. ఈజిప్టువాళ్ళు వాళ్ళ దేశాన్ని కెమెట్ అనేవారట, అంటే నల్లనేల. గేమ్‌లో ఆ మాట వింటూనే ఉన్నాను గానీ, పార పట్టుకుని వంటింట్లో నిలబడ్డాకే అది ఏ నలుపో తెలిసింది. నాన్న ఆ మట్టిని చేత్తో పిసికి చూసి, పెరట్లోకి తోయి, పారబోయకు, కూరపాదులకు పనికొస్తుంది అన్నారు.

కొత్త గీత పాత గీత కంటే జానెడు కింద ఉంది.

అమ్మావాళ్ళను ఎల్లుండి తీసుకెళ్తాం. బావ దగ్గర సేవ్ అలాగే ఉంచమన్నాను. దీపావళికి వచ్చినప్పుడు డిస్కవరీ టూర్ మొదలుపెడతాను. యానాం_రేవు గారూ, ఆ ఏతం మ్యాప్‌లో ఏ వైపు ఉందో తాతయ్యగారిని అడిగి చెప్పండి.

యానాం_రేవు:

అడిగానండి. ఫైయూంలో పెద్ద కాలువ ఎడమ గట్టు వెంట పోతే రెండు ఈత చెట్ల మధ్య కనిపిస్తుందట. అవి ఖర్జూర చెట్లు తాతయ్యా అంటే, మాకు అన్నీ ఈతలే అన్నారు. మట్టి కడిగేటప్పుడు చెప్పుల్లేకుండా దిగకండి, మేకులు ఉంటాయని కూడా చెప్పమన్నారు.